లారీ మీద రాసిన నంబరు ఎవరిది?

విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టిన లారీ ఏ రాష్ట్రంలో కనిపించినా ఇట్టే గుర్తుపట్టవచ్చు. క్యాబిన్ తలుపు మీదో, తొట్టి పక్క చెక్క మీదో బాడీ బిల్డరు పేరు, దాని కింద ఆటోనగర్, విజయవాడ, ఆ కింద ఫోన్ నంబరు పెయింటరు కుదురుగా రాసి ఉంటాడు. ఆ లారీ పదేళ్లో పదిహేనేళ్లో తిరుగుతుంది. కైకలూరు చేపల లోడుతో హౌరా వెళ్తుంది, డెల్టా బియ్యంతో కేరళ వెళ్తుంది. వెళ్లిన ప్రతి ఊరికీ ఆ నంబరును మోసుకెళ్తుంది. పైసా ఖర్చు లేకుండా ఇన్నేళ్లు నిలిచే ప్రకటన ఇంకే వ్యాపారానికి దొరుకుతుంది?

ఆ నంబరుకు ఇవాళ ఫోన్ చేస్తే ఎత్తేదెవరన్నదే సమస్య.

విజయవాడ కోడ్ 0866తో మొదలయ్యే పాత నంబరైతే ఆ ల్యాండ్‌లైన్‌ను ఎప్పుడో సరెండర్ చేసి ఉంటారు. సెల్ నంబరైతే చాలాసార్లు అది షెడ్డు పేరు మీద ఉండదు. యజమాని తమ్ముడి పేరు మీదో, లెక్కలు రాసే గుమస్తా పేరు మీదో ఉంటుంది. తమ్ముడు వేరుపడితే నంబరూ ఆయన వెంటే పోతుంది. గుమస్తా మానేసి పక్క వీధిలో సొంత కొట్టు తెరిస్తే, ఏళ్ల తరబడి నమ్మకంగా వచ్చిన ఖాతాదారులు తెలియకుండానే ఆ కొట్టుకు ఫోన్ చేస్తారు. రీఛార్జి ఆగిపోయి సిమ్ రద్దయితే మరీ అన్యాయం. కనీసం 90 రోజులు పక్కన పెట్టాక టెలికాం కంపెనీ ఆ నంబరును ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు ఖరగ్‌పూర్ దగ్గర ఆగిపోయిన డ్రైవరు తొట్టి మీది నంబరు చూసి ఫోన్ చేస్తే, ఆటోనగర్ అనే పేరే విననివాడు పలుకుతాడు.

ఆటోనగర్‌లోని షెడ్లు, స్పేర్ పార్టుల కొట్లు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్‌కు మారాలనడానికి ఈ ఒక్క కారణం చాలు. వ్యాపారం ఎవరిదో నంబరూ వారిదే కావాలి. కంపెనీలే బాడీ బిగించి లారీలు అమ్మడం పెరిగాక పని తగ్గిందని షెడ్ల వాళ్లు వాపోతున్న రోజులివి. వచ్చే కాల్‌ను కూడా జారవిడుచుకుంటే ఎట్లా?

ఈ ఫోన్లు అమ్మడానికి వచ్చేవాళ్లు మాత్రం ఇంకా పాత మాటే చెబుతారు. కాల్ ఛార్జీలు సగానికి సగం తగ్గుతాయంటారు. దానికి కాలం చెల్లింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన తర్వాత రీఛార్జి చేయించుకున్న సెల్ నుంచి దేశంలో ఎక్కడికి ఎంతసేపు మాట్లాడినా అదే డబ్బు. నిజానికి జియోలో మొదటి నుంచీ మాట కూడా డేటాగానే ప్రయాణిస్తోంది. అంటే ఇంటర్నెట్ తరహా ఫోన్ మేస్త్రి చేతిలోకి ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. కాబట్టి డబ్బు మిగులుతుందని ఎవరూ మారనక్కర్లేదు. కాల్ పోకుండా చూసుకోవడానికి, పోయినా అది ఎవరిదో తెలుసుకోవడానికి మారాలి.

ఫోన్ విలువ ఆటోనగర్‌కు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1960ల్లో జవహర్ ఆటోనగర్‌గా మొదలైన ఈ ప్రాంతం లారీ రవాణాతో పాటే ఎదిగింది. మద్రాసు, కలకత్తా రహదారీ, హైదరాబాదు, మచిలీపట్నం రహదారీ కలిసే ఊరు కావడంతో సరుకు ఎటు పోవాలన్నా ఇటుగానే పోయేది. లోడు దొరికిందో లేదో, బండి ఎక్కడుందో తెలియాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. 1960 నవంబరులో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైన ఎస్టీడీ, అంటే ఆపరేటరు లేకుండా నేరుగా డయల్ చేసే పద్ధతి, దేశమంతా పాకడానికి దశాబ్దాలు పట్టింది. 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ ఏర్పడి దేశీయంగా ఎక్స్ఛేంజీలు తయారు చేశాకే చిన్న ఊళ్లకూ నేరుగా డయల్ చేసే వీలు కలిగింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బల్ల మీద డయల్‌కు చిన్న తాళం వేసిన నల్ల ఫోన్ ఉండేది. తాళంచెవి మేనేజరు దగ్గర. ఆ ఫోన్ ఆఫీసుది. ఎవరు మానేసినా, ఎవరు చేరినా నంబరు మారేది కాదు. సెల్ వచ్చాక వేగం పెరిగింది గానీ ఆ భరోసా పోయింది.

ఆ భరోసాను వెనక్కి తెచ్చే పనే ఇంటర్నెట్ ఆఫీసు ఫోన్ చేస్తుంది. ఒకప్పుడు పెద్ద ఆఫీసుల్లో గోడకు బిగించిన ఈపీఏబీఎక్స్ డబ్బా ఒక నంబరుకు వచ్చిన కాల్‌ను పది ఎక్స్‌టెన్షన్లకు పంచేది. ఇప్పుడు అదే పనిని ఫోన్ కంపెనీ కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. షెడ్డులో కావలసింది నమ్మకమైన ఇంటర్నెట్టు, దానికి తగిలించే ఒక ఐపీ ఫోన్, సెల్‌లో ఒక యాప్. పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌నే వాడుకుంటామన్నా దానికి తగిలించే చిన్న అడాప్టరు దొరుకుతుంది. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి సిప్ అనే ఉమ్మడి పద్ధతి 1999లో వచ్చి 2002లో స్థిరపడింది. అందుకే ఒక కంపెనీ ఫోన్ కొన్నందుకు జీవితాంతం ఆ కంపెనీకే కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు. ఇది తెలియక కొందరు, ఒకే ఆపరేటరుకు పనికొచ్చేలా తాళం వేసిన ఫోన్లు కొని ఇరుక్కుంటారు.

ఒక రాత్రి సంగతి చూద్దాం. కైకలూరులో ఐసు పెట్టెలతో బయల్దేరిన చేపల లారీకి ఇచ్ఛాపురం దాటాక క్లచ్ ప్లేటు పోయింది. ఐసు కరుగుతోంది. డ్రైవరు ఓనరుకు ఫోన్ చేశాడు, ఓనరు ఆటోనగర్‌లో తనకు తెలిసిన స్పేర్ల కొట్టుకు చేశాడు. "అన్నా, ఈ మోడలుకి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు ఉన్నాయా? ఈ రాత్రి బస్సుకేస్తే చాలు" అని అడగడానికి. కొట్టు యజమాని సెల్ ఛార్జింగులో పెట్టి నిద్రపోయాడు. రెండోసారి చేశాడు, మూడోసారి వేరే కొట్టుకు చేశాడు. బేరం పోయింది. పొద్దున లేచి రెండు మిస్డ్ కాల్స్ చూసి తిరిగి చేసేసరికి ప్లేటు బస్సులో అనకాపల్లి దాటింది.

అదే నంబరు ఇంటర్నెట్ ఫోన్ మీద ఉంటే సంగతి వేరు. రాత్రి తొమ్మిది దాటాక కొట్టులో ఫోన్ మోగకుండా నేరుగా యజమాని సెల్ యాప్‌లో మోగేలా పెట్టవచ్చు. ఇరవై సెకన్లలో ఎత్తకపోతే కొడుకుకు, అతనూ ఎత్తకపోతే గోడౌన్ దగ్గర పడుకునే కుర్రాడికి వెళ్తుంది. ఎవరూ ఎత్తకపోయినా నంబరు, సమయం రిజిస్టరులో చేరతాయి. ఫోన్ చేసిన వాళ్లకు కొట్టు నంబరే తెలుసు గానీ కుర్రాడి సొంత నంబరు తెలియదు. రేపు అతను పని మానేసినా ఖాతాదారుడు కొట్టుతోనే ఉంటాడు.

షెడ్డులో ఇంకో చిక్కు ఉంది. రేకు మీద సుత్తి దెబ్బలు, గ్రైండరు రొద, పక్కనే స్టార్ట్ చేసి వదిలేసిన ఇంజిను. జేబులోని సెల్ మోగినా వినపడదు, వినపడినా గ్రీజు చేత్తో తీయలేరు. ఈ పద్ధతిలో ఎర్రలైటు, పెద్ద హారను గోడకు బిగించి కాల్ వచ్చినప్పుడు అవి పనిచేసేలా చేయవచ్చు. షోరూముల కోసం తయారైన వసతులని అందరూ అనుకునేవాటిలో ఇది నిజంగా షెడ్డుకే పనికొచ్చేది.

రికార్డింగు గురించి కూడా చెప్పాలి. బాడీ పని సగం నోటి మాట మీదే నడుస్తుంది. ఎన్ని అడుగుల తొట్టి, ఏ చెక్క, క్రాస్ బేరర్లు ఎన్ని, తలుపులకు ఏ గేజి రేకు అన్నవి ఫోన్లోనే ఖాయమవుతాయి. నెల తర్వాత డెలివరీకి వచ్చినప్పుడు "నేను చెప్పింది ఇది కాదు" అనే మాట మొదలవుతుంది. రికార్డింగు ఉంటే ఆ తగువు రెండు నిమిషాల్లో తేలిపోతుంది. కాకపోతే రికార్డు చేస్తున్న సంగతి అవతలివారికి ముందే చెప్పాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఖాతాదారుల నంబర్లు, సంభాషణలు దాచుకునేవారు వాటి బాధ్యత కూడా మోయాలి. ఎప్పుడూ తుడిచేయకుండా ఏళ్ల తరబడి పోగేసుకోవడం తప్పు.

చట్టం దగ్గరే చాలామంది భయపడతారు, కొందరేమో అస్సలు భయపడరు. రెండూ మంచివి కావు. మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ఫోన్‌కు పరిమిత అనుమతి ఉండేది. కంప్యూటర్ల మధ్య మాట్లాడుకోవచ్చు, విదేశాల్లోని ఫోన్లకు చేయవచ్చు, దేశంలోని మామూలు ఫోన్లకు మాత్రం కుదరదు. ఆ గోడ 2018లో కూలింది. లైసెన్సు ఉన్న టెలికాం కంపెనీలు యాప్ ద్వారా మామూలు నంబర్లకు కాల్స్ ఇవ్వవచ్చని కేంద్రం తేల్చింది. ఆ జులైలోనే బీఎస్ఎన్ఎల్ ఏడాదికి 1,099 రూపాయల రుసుముతో వింగ్స్ అనే సేవ ప్రకటించింది. కాల్ సెంటర్ల మీద ఉన్న నిబంధనలు 2020 నవంబరులో, మళ్లీ 2021 జూన్‌లో బాగా సడలాయి. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి కూడా ఆఫీసు నంబరు మీద మాట్లాడే వీలు కలిగింది.

మారనిది ఒకటుంది. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన కాల్‌ను పదుల కొద్దీ సిమ్ములు పెట్టిన డబ్బాతో లోకల్ కాల్‌గా దించడం నేరం. సిమ్ బాక్సులంటూ పోలీసులు పట్టుకునేవి ఇవే. "మీ షెడ్డులో ఒక మూల ఈ డబ్బా పెట్టుకోనివ్వండి, నెలకింత అద్దె ఇస్తాం" అని ఎవరైనా వస్తే గేటు దగ్గరి నుంచే పంపించేయాలి. అలాగే విదేశీ నంబరు ఇచ్చే చవక యాప్‌ల జోలికీ పోకూడదు. లైసెన్సున్న కంపెనీ నుంచి, షెడ్డు పేరు మీద, జీఎస్టీ కాగితాలతో తీసుకున్న నంబరే నిలుస్తుంది.

పాత 0866 నంబరు ఇంకా బతికి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. సెల్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకునే సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది గానీ ల్యాండ్‌లైన్‌కు లేదు. కోపం వచ్చి సరెండర్ చేస్తే ఆ నంబరు పోయినట్టే. బీఎస్ఎన్ఎల్ రాగి తీగ నుంచి ఫైబరుకు మారేటప్పుడు అదే నంబరు ఉంచమని అడగాలి. ముప్ఫై ఏళ్ల నాటి నంబరును నెలవారీ బిల్లు చూసి వదులుకున్న వాళ్లను తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇక అసలు కష్టం ఈ ఫోన్ పెట్టుకున్న తర్వాత మొదలవుతుంది. ఇంటర్నెట్ ఫోన్ బాగా పలకాలంటే స్పీడు పెద్దగా అక్కర్లేదు. ఒక కాల్‌కు అటూ ఇటూ సుమారు వంద కిలోబిట్లు చాలు, ఒకేసారి పదిమంది మాట్లాడినా ఒక ఎంబీపీఎస్‌తో సరిపోతుంది. కావలసింది నిలకడ. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. ఆఫీసులో కుర్రాళ్లు వీడియోలు చూస్తుంటే మాట తెగుతుంది. రూటరులో ఫోన్ కాల్స్‌కు ముందు దారి ఇవ్వమని ఒక్కసారి సెట్ చేస్తే ఈ బాధ తప్పుతుంది. బిగించడానికి వచ్చిన మనిషిని ఆ పని చేయించకుండా పంపకూడదు.

ఆటోనగర్‌కు ప్రత్యేకంగా రెండు బెడదలున్నాయి. ఒకటి వెల్డింగు. పెద్ద వెల్డింగు మిషను అంటించినప్పుడల్లా లైట్లు ఒక్క క్షణం మసకబారడం ప్రతి షెడ్డులో చూసేదే. ఆ క్షణంలో రూటరు ఆగి మళ్లీ మొదలైతే నడుస్తున్న కాల్ తెగుతుంది, లైను తిరిగి రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి నుంచే రాగి తీగ మీద 48 వోల్టుల కరెంటు వచ్చేది కాబట్టి ఊళ్లో కరెంటు పోయినా అది పలికేది. ఫైబరులో కరెంటు రాదు. రూటరుకు, ఫైబరు డబ్బాకు, ఐపీ ఫోన్‌కు చిన్న యూపీఎస్ లేకపోతే ఇంత ఏర్పాటూ వృథా. రెండోది తీగలు. రాష్ట్ర ఫైబర్‌నెట్ ఖర్చు తగ్గించడానికి కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆ పథకం టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడింటినీ నెలకు 149 రూపాయలకే ఇస్తామన్నది. కేబుల్ ఆపరేటర్లూ అదే దారిలో తీగలు లాగుతారు. భూమి తవ్వే పని లేదు నిజమే, కానీ ఎత్తైన కంటైనరు బాడీలు వెనక్కీ ముందుకీ తిరిగే వీధుల్లో వేలాడే తీగ ఎప్పుడైనా తెగవచ్చు. అందుకే ఫైబరుతో పాటు సిమ్ వేసుకునే రూటరు ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. ఫైబరు ఆగిన వెంటనే అది అందుకోవాలి.

దొంగల సంగతి మరువకూడదు. ఇంటర్నెట్‌లో ఎక్కడో కూర్చుని ఆఫీసు ఫోన్లను వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డు కూడా 101 అయితే దొరికిపోయినట్టే. శనివారం రాత్రి నుంచి సోమవారం ఉదయం దాకా ఎక్కడో చిన్న దేశాల్లోని ఖరీదైన నంబర్లకు కాల్స్ వెళ్తాయి, బిల్లు యజమానికి వస్తుంది. ఆటోనగర్ కొట్టుకు విదేశాలకు చేసే ఐఎస్డీ అవసరం చాలా అరుదు. దాన్ని మొదటి రోజే తీసేయించి, పాస్‌వర్డులు పొడవుగా పెట్టించుకోవాలి.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ నీళ్లలో చిక్కుకున్నప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనప్పుడు, చాలా కుటుంబాలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. నీళ్లు తగ్గాక మునిగిన బండ్లన్నీ మెకానిక్కుల దగ్గరికి వరుస కట్టాయి. అలాంటి రోజుల్లో కొట్టు తెరవలేకపోయినా నంబరు పలకడం ఎంత అవసరమో అందరూ చూశారు. ఇంటర్నెట్ ఫోన్ నంబరు కొట్టు గోడకు అతుక్కుని ఉండదు. యజమాని గుడివాడలో బంధువుల ఇంట్లో ఉన్నా యాప్‌లో పలుకుతుంది. అతనున్న చోట కూడా సిగ్నల్ పోతే అదీ ఏమీ చేయలేదు, ఆ మాట దాచకూడదు. ఇంకో జాగ్రత్త, ఇలా ఊళ్లు తిరిగే నంబరు నుంచి అత్యవసరానికి 112 చేస్తే ఎక్కడి నుంచి చేస్తున్నదీ నోటితో చెప్పాలి. అలాంటి కాల్‌ను సెల్ నుంచి చేయడమే మంచిది.

కాల్ రాగానే పలికే కంప్యూటర్ గొంతు విషయంలో ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు. రోడ్డు పక్కన జాకీ వేసి నిలబడ్డ డ్రైవరుకు ముందు ఇంగ్లిషు, ఆ తర్వాత హిందీ, ఆ తర్వాత తొమ్మిది ఎంపికలు వినిపించడం అమర్యాద. తెలుగు ముందు రావాలి. స్పేర్లకు ఒకటి, బాడీ పనికి రెండు, అంతే. ఏదీ నొక్కకపోతే మనిషి ఎత్తాలి. ఇలాంటివి మన భాషలో చేసిపెట్టగల నైపుణ్యం ఎక్కడో లేదు. 2007లో హైదరాబాదులో మొదలైన ఓజోన్‌టెల్ ఈ రంగంలో దేశంలోనే ముందున్న సంస్థల్లో ఒకటి.

ఆటోనగర్ వాళ్లు తప్పక తెలుసుకోవలసిన కథ ఇంకోటి ఉంది. 1999లో అమెరికాలోని అలబామాలో మార్క్ స్పెన్సర్ అనే విద్యార్థి చిన్న కంపెనీ పెట్టాడు. ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజి కొనేంత డబ్బు లేదు. మామూలు కంప్యూటరు మీద నడిచే ఎక్స్ఛేంజిని తానే రాసి, దానికి ఆస్టరిస్క్ అని పేరు పెట్టి అందరికీ ఉచితంగా వదిలాడు. ఇవాళ ప్రపంచంలో లెక్కలేనన్ని ఆఫీసు ఫోన్లు దాని మీదే నడుస్తున్నాయి. పార్టు దొరక్కపోతే లేతు మీద తానే తిప్పుకునే ఆటోనగర్ మేస్త్రికి ఆ పట్టుదల కొత్త కాదు. ఆటోనగర్ పక్కనే కానూరులో 1977లో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన విద్యాసంస్థ ఉంది. అక్కడి పిల్లలు ఆస్టరిస్క్ నేర్చుకుని ఒక్కొక్క షెడ్డుకు ఫోన్ బిగించి చూపిస్తే అంతకన్నా మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

అయితే సంఘం తరఫున సొంత ఎక్స్ఛేంజి పెట్టి సభ్యులందరికీ లైన్లు పంచుదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే ఆపుకోవాలి. లైసెన్సు లేకుండా ఇతరులకు టెలికాం సేవ ఇవ్వడం కుదరదు. చేయగలిగింది, చేయాల్సింది బేరం. బాడీ బిల్డర్లు, స్పేర్ల వ్యాపారులు, లారీ యజమానుల సంఘాలు కలిసి, పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ ఐలా అధికారులను కూడా కూర్చోబెట్టుకుని, లైసెన్సున్న రెండు మూడు కంపెనీలను పిలవాలి. ఒక్కో కొట్టు విడిగా అడిగితే పట్టించుకోని కంపెనీ, వందల కొట్లు కలిసి అడిగితే మనిషిని పంపుతుంది. వ్యాపారం పేరు మీదే నంబరు, తెలుగులో పలికే గొంతు, ఏ కంపెనీ ఫోన్ అయినా పెట్టుకునే వీలు అడగాలి. ఫైబరు తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో, అతకకపోతే బిల్లులో ఎంత తగ్గిస్తారో ఒప్పందంలో రాయించాలి. అది రాసివ్వని కంపెనీ ఎంత తక్కువ ధర చెప్పినా ఒప్పుకోకూడదు.